డబ్బాలో చల్లారిన జొన్నరొట్టె

నంద్యాలలో మా ఇంట్లో జొన్నరొట్టె ఇప్పుడు వారానికి ఒకసారి చేస్తారు, అదీ షుగర్ డాక్టరు చెప్పాడని. పండగపూట తప్ప వరన్నం ఎరగని ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. రొట్టె మాకు రోజూ ఉండేదే, గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ కాదు. అలాంటిది జొన్నరొట్టె పని మీద హైదరాబాదు పోతున్నానంటే మా వీధి చివర టీకొట్టు మస్తాన్ గ్లాసు కడుగుతూ, "ఏం సార్, ఆడ బిర్యానీ అయిపోయిందా?" అన్నాడు.

పిలిచింది సుజాత. తెనాలి అమ్మాయి. నేను దినపత్రికలో వ్యవసాయం పేజీ చూసే రోజుల్లో శిక్షణ కోసం వచ్చింది. సినిమా పేజీలో ఖాళీ ఉందనుకుని వస్తే మా బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మొదటివారం ముఖం ముడుచుకునే ఉంది. తర్వాత ఆ బల్ల వదలమన్నా వదల్లేదు. ఇప్పుడు ఒక అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. శాస్త్రవేత్తలు కనుక్కున్న దాన్ని రైతుకు, కొనేవాళ్లకు, డబ్బు పెట్టే విదేశీ సంస్థలకు, మామూలు జనానికి ఎవరికి అర్థమయ్యేలా వాళ్లకు చెప్పడం ఆమె ఉద్యోగం.

"కొత్త యాసంగి జొన్న వచ్చింది సార్. తాండూరు వైపు రైతులతో పెద్ద మీటింగ్ పెట్టాం. రైతులకిచ్చే తెలుగు పుస్తకం మీరొకసారి చదివి పెడితే చాలండి. తిని చూద్దురుగాని రండి," అంది ఫోన్లో.

వానలు వెనకపట్టిన రోజులు. బయల్దేరాను.

గేటు ముందు

మెహిదీపట్నంలో బస్సు దిగి ఆటో ఎక్కాను. డ్రైవరు పేరు జహంగీర్. హైటెక్ సిటీ అన్నాను. అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏ టవర్ సారు? ఏ గేటు?"

"అద్దాల బిల్డింగు."

"అన్నీ అద్దాలే కదా సారు. నేను గుడంగ అద్దంలనే చూస్తున్న మిమ్మల్ని."

నేను విలేకరిగా ఈ వైపు తిరిగిన కాలంలో ఇక్కడ గుర్తులన్నీ బండలే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. మాదాపూర్ దాటితే గొర్రెల మందలు అడ్డం వచ్చేవి. ఒకసారి ఎండకు తాళలేక బండ నీడలో కూర్చుంటే గొర్రెలు కాసే ఒకాయన తన సద్దిమూటలోంచి రొట్టెముక్క, ఉల్లిగడ్డ ఇచ్చాడు. ఆ బండ ఎక్కడుందోనని ఇప్పుడు ఆటోలోంచి వెతికాను. ఒకటీ అరా మిగిలాయి. ఒకదాని చుట్టూ గడ్డి పెంచి రాత్రుళ్లు వెలగడానికి దీపాలు పెట్టారు.

జహంగీర్ దింపిన గేటు తప్పు. లోపల హాలు సుజాత చెప్పినట్టే ఉంది, కుండీల్లో అవే వెదురు మొక్కలు ఉన్నాయి. కుర్చీలో కూర్చున్న అమ్మాయి నా ఫొటో తీసి, అంటించుకోమని చీటీ ఇచ్చింది. లిఫ్టులో పైదాకా వెళ్లాక అది బీమా లెక్కలు చూసే కంపెనీ అని తెలిసింది. మళ్లీ దిగి, ఎండలో ప్రహరీ చుట్టి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. అసలు గేటు దగ్గర కాపలా అతను నా జేబు మీది చీటీ చూసి, "ఇది మాది కాదు పెద్దాయనా, ఇంకోటి అతికించుకోవాలె," అన్నాడు. రెండు ఫొటోలు ఛాతీ మీద పెట్టుకుని పైకి వెళ్లాను.

పై అంతస్తు

సుజాత జుట్టులో తెల్లవెంట్రుకలు కనిపించాయి. వంగి కాళ్లకు దండం పెట్టబోతే వద్దన్నాను. ఆ గదిలో అంతా మెల్లగా మాట్లాడుతున్నారు. మా పత్రికాఫీసులో అరవకపోతే పక్కవాడికి వినపడేది కాదు. టెలిప్రింటరు చప్పుడు, ఫోన్లు, కిందినుంచి యంత్రాల అదురు. సిరా వాసన చొక్కాలకు పట్టి ఇంటిదాకా వచ్చేది. ఇక్కడ కాఫీ యంత్రం వాసన తప్ప ఏమీ లేదు.

అక్కడే డాక్టర్ ఇబ్రహీంను పరిచయం చేసింది. సూడాన్ మనిషి, ఆ జొన్న విత్తనాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. ఇంగ్లీషులోనే మాట్లాడాడుగానీ "జొన్న", "రొట్టె", "నీళ్లు" మాత్రం తెలుగులో పలుకుతాడు. వాళ్ల ఊళ్లో జొన్నపిండిని పులియబెట్టి పెనం మీద కాగితమంత పల్చగా పూస్తారట. దాన్ని కిస్రా అంటారట. "మా అమ్మ పెనం దగ్గర కూర్చుంటే మేమంతా వరసలో కూర్చునేవాళ్లం. ముందున్నవాడికి మొదటిది," అన్నాడు. మా ఇంట్లోనూ అంతేనన్నాను. అక్కడినుంచి మా ఇద్దరికీ మాటలు తడుముకోవాల్సిన అవసరం లేకపోయింది.

మధ్యాహ్నం సుజాత డబ్బా తెరిచింది. రొట్టె, గోంగూర పప్పు, పల్లీల పొడి. రొట్టె చల్లారి ఉంది. చేతిలోకి తీసుకుంటే రుమాలులా మడతపడింది, అంచు కూడా పగల్లేదు. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లిన రొట్టె మధ్యాహ్నానికి పెంకులా అయ్యేది. నీళ్లు చల్లుకుని, మెత్తబడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం.

"ఇది అద్భుతం డాక్టర్ గారూ," అన్నాను. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

సుజాత గోడ మీది బోర్డు చూపించింది. కిందటి నెల ఇదే ప్రాంగణంలో ఐటీ ఉద్యోగులు తినే హాల్లో ఈ రొట్టె ఊరికే పంచి, నచ్చితే ఆకుపచ్చ బిళ్ల, నచ్చకపోతే ఎర్ర బిళ్ల అంటించమన్నారట. బోర్డంతా పచ్చగా ఉంది, పచ్చికబయలు ఫొటో తీసినట్టు.

"దీని మీదే అంతా నిలబడి ఉందండి," అంది సుజాత. ఆఫీసు క్యాంటీన్లకు భోజనం సరఫరా చేసే ఒక కంపెనీ ఈ జొన్న కొంటానంది. కొనేవాళ్లున్నారు కాబట్టి శనగ వేసే చేలో జొన్న వేయండని ఎల్లుండి సభలో రైతులకు చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే విదేశీ సంస్థ రెండో విడత డబ్బు ఇస్తుంది. ఇవ్వకపోతే ఏడాది చివర సుజాతకూ ఆమె దగ్గర పనిచేసేవాళ్లకూ ఉద్యోగాలు ఉండవు.

పుస్తకం తీసి చదివాను. భాష బాగుంది. "పట్టణం మెచ్చిన రొట్టె" అని శీర్షిక. రొట్టె చేసిన మనిషి గురించి ఒక్క ముక్క లేదే అన్నాను.

"చేసింది బోరబండలో అంజమ్మ గారండి. నిజమే, ఆవిడ ఫొటో, నాలుగు మాటలు పెడితే బాగుంటుంది. రేపు వెళ్దామా?"

కొత్తగూడ

నాకు బస కొత్తగూడ కూడలి దగ్గర. కిటికీకి ఎదురుగా ఫ్లైఓవరు, దాని కింద పండ్ల బండ్లు. సాయంత్రం కిందికి దిగితే ఫుట్‌పాత్ పొడుగునా పెనాలు వేడెక్కి ఉన్నాయి. "జొన్నరొట్టె ఇచ్చట లభించును" అన్న బోర్డులు వరసగా కనిపించాయి. ఒక బండి దగ్గర ఆగి తిన్నాను. కూరతో కలిపి మా ఊళ్లో హోటలు భోజనమంత ధర. పక్కన కడప కుర్రాడు ఒకడు, మెడలో కంపెనీ పట్టీ, ఎర్రకారం రాసుకుని తింటున్నాడు.

"మీ ఇంట్లో చేస్తారా?" అని అడిగాను.

"మా అవ్వ చేస్తాది సార్. అది నమలడానికి దవడ కావల్ల. ఇదైతే మెత్తగా పోతాది."

మా ఊళ్లో రొట్టె తిన్నవాణ్ణి ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఇక్కడ తినేవాళ్లంతా ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన పరుగు బూట్లతో వచ్చి, నిలబడే తిని, చేతి గడియారంలో ఏదో నొక్కుకుని వెళ్లాడు. నాకు మా అమ్మ చేతుల చప్పుడు గుర్తొచ్చింది. తెల్లవారకముందే రెండు అరచేతుల మధ్య రొట్టె తడుతుంటే వచ్చే ఆ చప్పుడుకే మేం లేచేవాళ్లం. ఈ బండి దగ్గర కర్రతో ఒత్తుతున్నారు. అదొక్కటే తేడా అనుకున్నాను అప్పటికి.

బోరబండ

హైటెక్ సిటీ స్టేషన్లో లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే బోరబండ. అక్కడ దిగాక అద్దాలు లేవు. ఇరుకు వీధులు, ఇనుప మెట్లు, మేడల మీద ఆరేసిన బట్టలు. ఒక ఇంటి ముందు ముగ్గురు ఆడవాళ్లు గింజలు చెరుగుతుంటే చాటల శబ్దానికి నా నడక నెమ్మదించింది.

అంజమ్మ నారాయణఖేడ్ వైపు మనిషి. ఇల్లు కిరాయిదే. ముందుగదంతా పొయ్యిలు, పెనాలు. మమ్మల్ని చూసి పీట జరిపింది.

"ఏంది మేడం, గిట్ల చెప్పకుంట వస్తిరి? జర కూసోండ్రి. చాయ్ తాగుతవా సారు?"

"మీ గురించి రాద్దామని సార్ వచ్చారండి," అంది సుజాత.

"నా గురించి ఏం రాస్తరు? రొట్టె గురించి రాయుండ్రి, దానికే పేరు."

మరిగే నీళ్లు పిండిలో పోసి గరిటెతో తిప్పింది. సుజాత ఫోన్ తీసి ఫొటోలు తీస్తోంది. అంజమ్మ పక్కనున్న పెద్ద డబ్బా మూత తీసి, దాంట్లోంచి ఇంకో పిండి దోసిళ్లతో వేసింది. జొన్నపిండికన్నా రంగు కొంచెం ఎరుపు. నేను ముందుకు వంగాను.

"అదేం పిండమ్మా?"

"గోధుమది."

సుజాత ఫోన్ దించింది. "ఇది వేరే ఆర్డరా అంజమ్మ గారూ?"

"ఏ ఆర్డరైనా గింతే గద మేడం. ఉత్త జొన్నపిండితోని చేసి డబ్బల పెడితే సల్లవడ్డంక అట్టలెక్క అయితది. గా ఆఫీసు పిల్లలు ఎవలు తింటరు? మూడు పాళ్లు జొన్న, ఒక పాలు గోధుమ. హైదరాబాద్ల ఎవలన్నా గిట్లనే చేస్తరు."

"మేం పంపించిన పిండి కూడా?"

"మీ పిండి మంచిగుండె. గని అది గుడంగ జొన్ననే గద." అంజమ్మ చెయ్యి ఆగింది. సుజాత ముఖం వైపు, నా వైపు చూసింది. "ఏం, తప్పయిందా? మెత్తగుండాలె, పగుల్తె వాపస్ ఇస్తరని మీ ఆఫీసు పిల్లగాడే చెప్పిండు ఫోన్ల."

తప్పు ఎవరిదని చెప్పాలి? రొట్టెలు మెత్తగా ఉండాలన్నది నిజమే. గోధుమ కలపొద్దని ఎవరూ చెప్పలేదు, కలుపుతారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తెనాలి పిల్లకు జొన్నరొట్టె కొత్త. నాకు కొత్త కాదు, అయినా ముందురోజు ఆ డబ్బా ముందు కూర్చుని అద్భుతమన్నాను.

"తప్పు కాదండి," అంది సుజాత. "ఒకటి ఉత్త జొన్నతో చేసిపెడతారా?"

అంజమ్మ ఈసారి కర్ర పక్కన పెట్టి అరచేతులతో తట్టింది. ఆ చప్పుడు విని నేను కళ్లు మూసుకున్నాను. పెనం మీంచి తీసి ఇచ్చిన రొట్టె తియ్యగా ఉంది, పొరలు పొరలుగా విడిపోయింది. చిన్నప్పుడు తిన్న ఏ రొట్టెకూ తీసిపోదు. రెండోది సుజాత డబ్బాలో పెట్టుకుంది. రైలు దిగి ఆఫీసు చేరేసరికి అది వంచితే రెండు ముక్కలైంది.

మణికొండ

ఆ సాయంత్రం సుజాత వాళ్లింటికి తీసుకెళ్లింది. మణికొండలో పక్కపక్కనే లేచిన అపార్టుమెంట్లలో ఒకటి. ఒక ఇంట్లో పోపు వేస్తే ఎదురింటివాళ్లు తుమ్ముతారు. భర్త ప్రసాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెవుల్లో మాట్లాడే యంత్రం తీసి వచ్చి కూర్చున్నాడు. సుజాత జరిగింది చెప్పింది.

"అయితే నువ్వు అబద్ధం చెప్పలేదుగా," అన్నాడు. "నీకు తెలియదు. ఇప్పుడు ఆ బోర్డు తప్పని చెప్పుకోవాల్సిన పనేముంది? కొనే కంపెనీ కూడా గోధుమ కలుపుకునే అమ్ముతుంది. అందరూ కలుపుతారని ఆవిడే చెప్పిందంటున్నావు."

"కలిపితే ఏ జొన్నయినా ఒకటే కదా ప్రసాద్. మెత్తదనం గోధుమది. అప్పుడు మా జొన్నకే ఎక్కువ ధర ఎందుకిస్తారు? రెండో ఏడు ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొంటారు. ఈలోగా శనగ మానేసిన రైతు ఏమైపోతాడు?"

"అది ఏడాది తర్వాత మాట. నీ ఉద్యోగం మూడు నెలల మాట." నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్, మీ మాట వింటుంది."

మా బల్ల దగ్గర ఉన్నప్పుడు ఆమె నా మాట ఎన్నిసార్లు విన్నదో ప్రసాద్‌కు తెలియదు. సుజాత వంటింట్లోంచి ఉప్మా తెచ్చింది. తెనాలి ఉప్మా, అల్లం ఎక్కువ. పత్రికాఫీసు మేడ మీద క్యారియర్లు విప్పుకుని తినే రోజుల్లోనూ ఆమె డబ్బాలో ఇదే ఉండేది. ఒకళ్ల కూర ఇంకొకళ్ల పళ్లెంలోకి పోయి, చివరికి ఎవరిది ఏదో తెలిసేది కాదు.

తినడం అయ్యాక సుజాత ఇబ్రహీంకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. అంజమ్మ పిండి సంగతి చెప్పింది.

"నేనెప్పుడూ పెనం పక్కన కూర్చునే తిన్నాను," అన్నాడాయన. "ఎప్పుడూ వేడిగానే. డబ్బాలో పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. మా పరీక్షలో అది లేదు." తర్వాత, "ఆ పచ్చబిళ్లల ఫొటో మా అమ్మకు కూడా పంపాను," అన్నాడు.

"రేపు సభలో చెప్పేద్దామనుకుంటున్నానండి. అంజమ్మ గారితో ఉత్త జొన్నరొట్టె అక్కడే చేయించి పెడదాం."

"చెప్పు. నేను పక్కన నిలబడతాను."

ప్రసాద్ లేచి మళ్లీ చెవుల్లో యంత్రం పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. పావుగంటకు తిరిగొచ్చి, "పొద్దున ఆవిణ్ణీ పొయ్యినీ తేవాలంటే కారు కావాలిగా. నేను వస్తాలే," అన్నాడు.

సభ

సభ జరిగే మందిరం కొత్తగూడ దగ్గరే. రైతులు బస్సులో వచ్చారు. గేటు దగ్గర వాళ్లకూ ఫొటో చీటీలు ఇచ్చారు. మాణిక్‌రెడ్డి అనే పెద్దమనిషి చీటీ తలపాగాకు అంటించుకున్నాడు. ఆయన భార్య బాలమణి చీర కొంగు బిగించి, చల్లటి హాల్లో ముడుచుకుని కూర్చుంది.

"ఏందయ్యా గీ చలి? మమ్ముల్ని గుడంగ ఫ్రిజ్‌ల పెడుతున్నరా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ముందు వరసలో క్యాంటీన్ కంపెనీ తరఫున ఒక యువకుడు కూర్చున్నాడు. తెరమీద విదేశీ సంస్థ ఆవిడ ముఖం. పక్కన ఆ పచ్చబిళ్లల బోర్డునే తెచ్చి నిలబెట్టారు. సుజాత మైకు తీసుకుంది.

"ముందుగా ఒక సంగతి చెప్పాలండి. ఈ బోర్డు తప్పు. వీళ్లు తిన్న రొట్టెలో నాలుగోవంతు గోధుమ ఉంది. ఆ సంగతి మాకు నిన్నే తెలిసింది. ఉత్త జొన్నతో చేసిన రొట్టె వేడి మీద బాగుంటుంది. చల్లారితే గట్టిపడుతుంది. పట్నంలో కొంటారని నమ్మి మీరు శనగ మానేయొద్దు."

ఇబ్రహీం లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. కంపెనీ యువకుడు, "మేడం, ఇది మాతో ముందు ఒక కాల్‌లో మాట్లాడాల్సింది," అన్నాడు. "మాకు బాక్స్‌లో పెట్టేది కావాలండి. నాలుగు గంటలు మెత్తగా ఉండాలి." ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

మాణిక్‌రెడ్డి లేచాడు. "అంటే మేం శనగ బంద్ పెట్టి జొన్న ఏస్తే, పేరు గోధుమకు వస్తుండె అన్నట్టు."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. సుజాత కూడా తల వంచుకుని నవ్వింది. తర్వాత, "పెనం పెట్టించామండి, తిని చూడండి," అంది.

లోపల మంట పెడితే అగ్నిప్రమాదం గంటలు మోగుతాయని మందిరం వాళ్లు ఒప్పుకోలేదు. జనరేటర్ వెనక ఖాళీ జాగాలో అంజమ్మ పొయ్యి వెలిగింది. చల్లని హాలు వదిలి అందరూ అక్కడికి చేరారు. ప్రసాద్ పిండి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఒక పళ్లెంలో తెల్లవారుజామున చేసి చల్లార్చినవి, ఇంకో పళ్లెంలో పెనం మీంచి దిగుతున్నవి.

బాలమణి ముందు చల్లటిది తీసుకుంది. పటుక్కున విరిచింది.

"ఇది మా ఇంట్ల రొట్టె లెక్కనే ఉంది. సల్లవడ్డంక గట్టివడకుంటె గది జొన్నరొట్టెనా? మజ్జిగల నానేస్తే అయిపాయె." తర్వాత వేడిది నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచుకుంది. "తీపున్నది," అంది మొగుడితో. "మన దానికంటె తీపున్నది."

"అమ్మెతందుకు గాదంటున్నరు గద," అన్నాడు మాణిక్‌రెడ్డి.

"అమ్మెతందుకే తింటమా? ఇంటికి తినేతందుకు ఒక మూలకు ఏద్దాం. శనగ శనగనే ఉండనీ."

అలా కొందరు విత్తనం సంచులు అడిగారు. చాలామంది అడగలేదు, రొట్టె తిని, టీ తాగి బస్సెక్కారు. తెరమీది ఆవిడ ఇంగ్లీషులో, "మేం కూర్చుని ఆలోచించాలి," అంది. ఆ మాటకు అర్థం సుజాతకు తెలుసు. బోర్డు విప్పి పక్కకు ఆనించేటప్పుడు ఒక పచ్చబిళ్ల ఊడి నేలమీద పడింది. ఆమె దాన్ని చూడలేదు.

అంజమ్మ పొయ్యి ఆర్పి నా దగ్గరికి వచ్చింది. "నా మూలంగ మేడం పరేషాన్ అయింది సారు."

"నీ మూలంగా కాదమ్మా."

"మరి ఎవల మూలంగ?"

ఆమె నా చేతిలో రెండు రొట్టెలు కాగితంలో చుట్టి పెట్టింది, దారిలో తినమని.

తిరిగొచ్చాక

చలికాలం చివర సుజాత ఫోన్ చేసింది. నంద్యాలలో అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. రెండో విడత వచ్చింది, సగమే. పట్నంలో రొట్టె ప్రచారం మొత్తం తీసేశారు. ఆమె దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలు ఏదో యాప్ కంపెనీలో చేరిపోయారు. ఉద్యోగం ఆరునెలలు పొడిగిస్తూ ఆమెకు కాగితం ఇచ్చారు, తర్వాత సంగతి తర్వాత.

"బాధగా ఉందా?" అన్నాను.

"ఉందండి. ఆ పిల్లల బల్లలు ఖాళీగా కనిపిస్తాయి కదా. ఇంకోటి చెబుదామని చేశాను సార్. ఇవాళ బాలమణి గారు ఫోన్ చేశారు. ఇన్నేళ్లలో రైతులకు మేం ఫోన్ చేయడమే. బాగుందా అంటే బాగుందంటారు, అంతే. ఈవిడ తనంతట తనే చేశారండి."

"ఏమంది?"

సుజాత ఆమె గొంతును అనుకరించబోయింది. తెనాలి నోటికి తాండూరు మాట సరిగా పలకలేదుగానీ నాకు బాలమణి కనిపించింది.

"మేడం, మీరు చెప్పినట్టె రొట్టె గట్టివడితే వడనీ, దానికి ఫికర్ లేదు. గని గింజ తీపున్నదని ఊర్ల ఉన్న పిట్టలన్ని మా మూలకే వస్తున్నయ్. పక్క చేన్ల ఒక్కటి వాలుతలేదు. పొద్దుగాల్నుంచి ఒడిసెల పట్టుకొని నిలవడుతున్న. గీ ముచ్చట మీ పుస్తకంల లేదు. గట్టివడుతదని చెప్పినోళ్లు గిది గుడంగ చెప్పాలె గద."

ఇబ్రహీంకు చెప్పావా అని అడిగాను. చెప్పిందట. ఏ పిట్టలు, గింజ పాలు పట్టినప్పుడా గట్టిపడ్డాకా అని ఆయన వరసగా ప్రశ్నలు వేశాడట.

"ఆవిణ్ణే అడిగానండి మళ్లీ ఫోన్ చేసి. ఫోన్ల ఎందుకు, వచ్చి ఒక పూట పిట్టలు కొట్టుండ్రి, మీకే ఎర్కయితది అన్నారు. పొద్దున బస్సుకి నేనూ ఇబ్రహీం గారూ పోతున్నాం సార్."